డబల్ బాబాయి పాతిన రెండో గుంజ

లోకంలో ఏ వస్తువైనా ఒంటరిగా కనబడితే డబల్ బాబాయికి ఊపిరాడదు. దాని పక్కన ఇంకోటి పెట్టేదాకా కుదురుగా కూర్చోలేడు.

రెండు చేతులకీ రెండు గడియారాలు. జేబులో రెండు పెన్నులు, రెండూ నీలం సిరావే. కళ్ళజోడు ముక్కు మీద ఒకటి, నెత్తి మీద ఒకటి. వానాకాలంలో ఒక గొడుగు వేసుకుని, రెండో గొడుగు తడవకుండా చంకలో పెట్టుకుని నడిచేవాడు. "మరి పెళ్ళి ఒకటే చేసుకున్నావేం బాబాయ్?" అని ఎవరైనా కదిలిస్తే, "ఆవిడ ఒక్కతే ఇద్దరి పెట్టు, నాకా బెంగ లేదు" అనేవాడు. కొత్త తాళం కొన్నా పాతది తలుపుకి అలాగే వేలాడాలి. తీసెయ్యరాదా అంటే ఎవరికైనా ఒకటే జవాబు: "ఉండనీండి, అదేమైనా తిండి అడుగుతోందా?"

ఆయన దగ్గర ఒక్కటిగా ఉన్నది ఆ జవాబే.

ఇలాంటి మనిషి ఏ చెప్పుల కొట్టులోనో ఉంటే బాగానే రాణించేవాడు. కానీ ఆయన పని చేసింది శవాగారంలో. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ రికార్డు అటెండరు. వెనక గది ఆయనది. అందులో పన్నెండు ఇనప సొరుగులు, ఫినాయిలు వాసన, గుడ్డిగా వెలిగే ట్యూబులైటు, ఒక మూల పసుపెక్కిన పాత కంప్యూటరు. ఆ గదిలోకి వచ్చేవాళ్ళు ఎవరూ మాట్లాడరు కాబట్టి బాబాయి రెండు వైపులా తనే మాట్లాడేవాడు. "చలిగా ఉందా నాన్నా?" అని అడిగి, "పర్లేదులే" అని తనే చెప్పుకుని సొరుగు మూసేవాడు.

ముందు గది సూపరింటెండెంటు గారిది. ఆయనా సామాన్యుడు కాడు. అయిదు తరగతులకీ ఒకే పంతులున్న పల్లెటూరి బడిలో చదివి, ఇరవయ్యో ఎక్కం దాకా కిందనుంచి పైకి అప్పజెప్పినవాడు. అది మొదటి ఘనత. దస్తూరికి బళ్ళ ఇన్‌స్పెక్టరు చేతి మీదుగా కొత్త పలక పుచ్చుకున్నవాడు. అది రెండోది. వరదొచ్చిన ఏడు ఒకే రోజు అరవై ఒక్క శవాలని ఒక్క కొట్టివేత లేకుండా రిజిస్టరులో ఎక్కించినవాడు. అది మూడోది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోనివాడు. ఇది నాలుగోది, అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే రిటైర్మెంటుకి ఇక నాలుగు నెలలే ఉంది.

ఈ ఘనతలు వినీ వినీ ఆఫీసు వాళ్ళు నంబర్లతోనే పని కానిచ్చేవారు. ముందు గదిలోంచి గంభీరమైన గొంతు వినబడితే, వ్యాను డ్రైవరు వెనక గది తలుపు దగ్గర ఆగి, "ఎంతలో ఉన్నారు బాబాయ్?" అనేవాడు. "వరద దాటారు, మెమోలోకి వచ్చేశారు. ఇంకో అయిదు నిమిషాలు" అనేవాడు బాబాయి.

ఎవరూ అడగడానికి రాని శవాలని సోమవారం నాడు పూడ్చేవారు. వ్యానులో బాబాయి వెళ్ళేవాడు. ఒక్కో గోతికి తలవైపు ఒక చెక్క గుంజ పాతి, దాని మీద నంబరు వేయాలని రూలు. బాబాయి రెండు పాతేవాడు. ఒకదాని మీద నంబరు, రెండోది బోడిది. ఏం రాయడు. ఎందుకో చెప్పడు.

"ఒక్క గుంజకి కట్టేస్తే పారిపోతాడనా బాబాయ్?" అని గోతులు తవ్వేవాళ్ళు పడీపడీ నవ్వేవారు.

సూపరింటెండెంటు గారికి నవ్వు రాలేదు. కలప దుబారా గురించి పలక బహుమతి పొందిన ఆ చేత్తోనే ఒక పేజీ నోటు రాసి పంపారు. బాబాయి కింద ఒక్క వాక్యం రాసి తిప్పి పంపాడు. ఆ వాక్యం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ సోమవారాల్లోనే దర్జీ అక్క రావడం మొదలుపెట్టింది. నలభై దాటిన మనిషి, మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చేది. గోడలకి రంగులేసే తమ్ముడు పని మీద వెళ్ళి అప్పటికి అయిదు నెలలు దాటింది, తిరిగి రాలేదు. ఆసుపత్రులన్నీ తిరిగింది, పోలీసు స్టేషన్లన్నీ తిరిగింది, చివరికి ఇక్కడికి వచ్చింది. సోమవారం కొట్టు సెలవు కాబట్టి సోమవారమే వచ్చేది. అదే రోజు బాబాయి గుంజలేసుకుని వెళ్ళిపోయేవాడు. ఒకరినొకరు చూసుకునే వీలే లేదు.

సూపరింటెండెంటు గారు అర్జీ తీసుకుని, పేరు చూసి, జాబితా వెతికించేవారు.

"లేడమ్మా."

"లేడంటారా, మీ దాంట్లో లేడంటారా?"

ఇరవై ఎక్కాల్లోనూ ఈ లెక్క లేదు. ఆయన కాగితాలు సర్దుకునేవారు. ఆవిడ బెంచీ మీద ఇంకో అరగంట కూర్చుని, "పైవారం వస్తానండి" అని వెళ్ళేది. పోయాడని తెలిస్తే ఏడ్చి ఊరుకునే మనిషే. తెలియకపోవడమే ఆవిడని తినేస్తోంది. తమ్ముడు ఎప్పుడొస్తాడోనని రోజూ తలుపు గడియ తీసే పడుకుంటానని ఒకసారి మామూలుగా చెప్పింది. ఆ వారం సూపరింటెండెంటు గారు ఘనతలు చెప్పలేదు. ఆఫీసంతా ఆయనకి జ్వరమేమో అనుకున్నారు.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి కొత్త ప్రోగ్రాము వచ్చిపడింది. ఇకనుంచి చావులన్నీ అందులోనే ఎక్కించాలి. అది పాత కంప్యూటరులో ఉన్న ఆపరేటింగ్ సిస్టం మీద నడవదు, దానికి కొత్త సిస్టం కావాలి. కొత్త సిస్టం వేస్తే మన పాత రిజిస్టరు ప్రోగ్రాము తెరుచుకోదు. కొత్త కంప్యూటరు ఇమ్మంటే, ఉన్నదాంతోనే సర్దుకోమన్నారు.

"పాతది చెరిపేసి కొత్తది వెయ్" అన్నారు సూపరింటెండెంటు గారు.

బాబాయి ముఖం వెలిగిపోయింది. "రెండూ వేస్తాను సార్."

"ఒకే డబ్బాలోనా?"

"ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఉండరా? మధ్యలో గోడ పెడితే సరి."

"ఏమయ్యా, మన దగ్గరికి వచ్చేవాళ్ళకి ఒక్క ప్రాణం కూడా ఉండదు. ఈ డొక్కుదానికి రెండు కావాలా?"

సోమవారం వ్యాను ఎక్కిన పూట తప్ప, బాబాయి వారం రోజులు దాని ముందు నుంచి లేవలేదు. ముందు ఉన్నదంతా నకలు తీశాడు. రెండు నకళ్ళు తీశాడని వేరే చెప్పాలా? తరవాత డిస్కుని రెండు భాగాలు చేశాడు. పాతదాన్ని ఓ పక్కకి ఒదిగించి, ఖాళీ అయిన చోట కొత్తదాన్ని కూర్చోబెట్టాడు. "పెద్దకోడలు ముందు ఇంట్లో ఉండాలి సార్, చిన్నకోడలు తరవాత రావాలి. వరస తప్పితే వెనకొచ్చినామె ముందున్నామెని గుమ్మంలోనే ఆపేస్తుంది" అని వివరం కూడా చెప్పాడు. ఎనిమిదో రోజున మీట నొక్కితే నల్లటి తెర మీద రెండు వరసలు కనబడ్డాయి, కొత్తది, పాతది. ఏది కావాలో పది సెకండ్లలో చెప్పాలి. చెప్పకపోతే కొత్తదే తెరుచుకుంటుంది. పాతది తెరుచుకోవడానికి మాత్రం పందొమ్మిది నిమిషాలు పడుతుంది.

ఆ రెండు వరసలని బాబాయి కన్నబిడ్డల్ని చూసినట్టు చూశాడు.

మూడు వారాలు గడిచాక పై ఆఫీసు మేడం గారి ఫోను వచ్చింది.

"ఏమండీ, మీ రికార్డులో ఒకాయన మధ్యాహ్నం మూడింటికి చనిపోయాడు. పొద్దున పదకొండుకే మీ దగ్గరికి వచ్చేశాడు. నడిచి వచ్చాడా?"

"లేదు మేడం, వ్యానులోనే..."

"ముందే వచ్చి చోటు పట్టుకున్నాడా? ఇలాంటివాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు మీ దగ్గర!"

సూపరింటెండెంటు గారి చెవులు ఎర్రబడ్డాయి. వరదలో అరవై ఒక్క మందిని తప్పు లేకుండా దాటించిన చెయ్యి! ఆయన వెనక గదిలోకి దూసుకెళ్ళారు.

"అది గడియారం గొడవ సార్" అన్నాడు బాబాయి తాపీగా. "తోడికోడళ్ళిద్దరికీ ఇంట్లో గోడ గడియారం ఒకటే. పెద్దామె తన లెక్క ప్రకారం ముల్లు తిప్పి వెళ్తుంది. చిన్నామె వచ్చి, ఇదేం టైమని నాలుగు గంటలు వెనక్కి తిప్పుతుంది. మనం పాతది తెరిచి కొత్తదానికి మారినప్పుడల్లా ఇదే తంతు. అందుకే కుడిచేతి గడియారం కొత్తదానికి, ఎడంచేతిది పాతదానికి పెట్టుకున్నాను."

"మరి అసలు టైము ఎంతయ్యా?"

బాబాయి కుడిచెయ్యి చూసుకున్నాడు, ఎడంచెయ్యి చూసుకున్నాడు.

"బయట ఎవర్నైనా అడగాలి సార్."

సాయంత్రానికల్లా ఆర్డరు వచ్చింది. ఒక యంత్రానికి ఒకటే సిస్టం. సోమవారం ఇంజినీరు వచ్చి పాతదాన్ని తుడిచేస్తాడు. అడ్డం పడితే సూపరింటెండెంటుకి మెమో.

మెమో! రిటైర్మెంటు ఇక ఇరవై మూడు రోజులే.

"సార్" అన్నాడు బాబాయి. ఆ గొంతులో మొదటిసారి హాస్యం లేదు. "పాతదాంట్లో పేరు తెలియనివాళ్ళు రెండొందల పన్నెండు మంది ఉన్నారు. కొత్తదానికి పేరు లేకపోతే పనికిరాదు, గడి ఖాళీగా ఉంటే ముందుకు కదలదు. వాళ్ళని లోపలికి రానివ్వలేదు సార్ అది."

"నకళ్ళు తీశావుగా, రెండేసి!"

"పాత ప్రోగ్రాము లేకపోతే అవి తెరుచుకోవు. తాళంచెవి లేని పెట్టెలు రెండున్నా ఒకటే కదా సార్."

రెండున్నా ఒకటే అని డబల్ బాబాయి నోట వినడం ఆఫీసులో అదే మొదలు. సూపరింటెండెంటు గారు ఒక్క క్షణం తటపటాయించారు. కానీ నాలుగో ఘనత కళ్ళ ముందు మెదిలింది.

"పేరు లేనివాళ్ళ కోసం ఎవరొస్తారయ్యా? సోమవారం నువ్వు వ్యాను ఎక్కొద్దు. ఇంజినీరు పక్కనే ఉండు."

అలా ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి బాబాయి సోమవారం పూట ఆఫీసులో ఉన్నాడు.

ఇంజినీరు వచ్చాడు. చేతిలో చిన్న పెన్‌డ్రైవు.

"ఒక్కటే తెచ్చారా?" అన్నాడు బాబాయి జాలిగా.

"చెరపడానికి ఒకటి చాలండి."

వెనక గదిలో కుర్చీ లాక్కుని ఇంజినీరు కూర్చున్నాడు. మధ్య తలుపు తీసే ఉంది. ముందు గదిలో బెంచీ మీద దర్జీ అక్క కూర్చుని ఉంది. సూపరింటెండెంటు గారు అర్జీ చూసి, తల ఎత్తకుండానే అన్నారు.

"లేడమ్మా."

"లేడంటారా, మీ దాంట్లో లేడంటారా?"

వెనక గదిలో బాబాయి కుర్చీ కిర్రుమంది. రెండు కళ్ళజోళ్ళతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరి కోసం తల్లీ?"

"తమ్ముడండీ."

"వెళ్ళేటప్పుడు ఏం వేసుకున్నాడు?"

సూపరింటెండెంటు గారు విసుక్కున్నారు. "అర్జీలో ఆ ప్రశ్న లేదయ్యా!"

నిజమే, లేదు. మూడు నెలలుగా ఆవిడ వస్తోంది. పేరు అడిగారు, వయసు అడిగారు, తేదీ అడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు. ఆవిడ ముందు తెల్లబోయి, ఆపైన గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"నీలం గళ్ళ చొక్కా. నేనే కుట్టాను. వాడు నిచ్చెన ఎక్కినప్పుడల్లా ఫోను కింద పడేసుకుంటాడని లోపల ఎడమపక్క దొంగజేబు పెట్టాను. జేబు సగంలో తెల్లదారం అయిపోయింది. మిగతాది గోధుమరంగు దారంతో కానిచ్చేశాను. వాడు ఒకటే దెప్పడం, ఇదేం పనితనమే అక్కా అని. 'నీ చొక్కా లోపల ఎవడు చూస్తాడ్రా' అన్నాను."

బాబాయి వెనక్కి తిరిగి ఇంజినీరు దగ్గరికి నడిచాడు. తెర అప్పుడే నల్లగా వెలిగింది. రెండు వరసలు. పది, తొమ్మిది, ఎనిమిది...

"లేవండి బాబూ."

"ఆర్డరు ఉందండీ..."

"ఆర్డరు ఎక్కడికీ పోదు. లేవండి."

మూడు సెకండ్లు ఉందనగా బాబాయి పాతదాన్ని నొక్కాడు.

ఇక పందొమ్మిది నిమిషాలు. కంప్యూటరు లోపలి ఫ్యాను ఎత్తు ఎక్కుతున్న లారీలా మూలిగింది. ఇంజినీరు నిలబడ్డాడు. దర్జీ అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. సూపరింటెండెంటు గారు తన కుర్చీ తెచ్చి ఆవిడకి వేశారు. "మా పల్లెటూరి బడిలో..." అని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి ఆపేశారు. పన్నెండు సొరుగుల నడుమ నలుగురూ ఒక గాజు తెరని చూస్తూ ఉండిపోయారు.

తెరుచుకుంది. అడుగున 'ఇతర వివరాలు' అని ఒక గడి. పూర్తి చెయ్యాలని రూలు లేదు కాబట్టి ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో సూపరింటెండెంటు గారు ఎన్నడూ తెరిచి చూడని గడి. బాబాయి 'దొంగజేబు' అని కొట్టి వెతికాడు. ఒకే ఒక్కటి వచ్చింది. కళ్ళజోడు మార్చి, మెల్లగా చదివాడు.

"నూట ఎనభై ఏడు. మగ. ముప్ఫై లోపు. గోళ్ళలో తెల్ల సున్నం, కొంచెం ఆకుపచ్చ రంగు. నీలం గళ్ళ చొక్కా, మంచి చేతిపని. లోపల ఎడమపక్క దొంగజేబు. సగం తెల్లదారం, సగం గోధుమరంగు. ఇది కుట్టినవాళ్ళెవరో ఇతని మీద ప్రాణం పెట్టుకుని ఉంటారు. వస్తారు. జేబు రెండుగా కత్తిరించాను. ఒక ముక్క మనిషితో పంపాను, ఒకటి ఇక్కడ ఉంచాను."

బాబాయి బీరువా తెరిచాడు. అందులో రెండొందల పన్నెండు కవర్లు ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక బొత్తామో, అంచు గుడ్డో, చెప్పు పట్టీయో. అన్నీ సగాలే. మిగతా సగాలు మట్టిలో ఉన్నాయి. నూట ఎనభై ఏడో కవరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ గుడ్డముక్కని తిరగేసి, రెండు రంగుల దారం కలిసిన చోట బొటనవేలు పెట్టింది.

"ఎవడు చూస్తాడ్రా అన్నాను" అంది. "చూసేవాళ్ళు ఉన్నారన్నమాట."

ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఇవాళ్టినుంచి గడియ పెట్టుకుని పడుకుంటాను" అంది.

ఇంజినీరు పెన్‌డ్రైవు చేతిలో తిప్పుకుంటూ సూపరింటెండెంటు గారి వైపు చూశాడు. "సార్, మరి తుడిచెయ్యమంటారా?"

సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకున్నారు. ఆఫీసులో ఎవరైనా ఉంటే మొదటి ఘనత వస్తుందనుకునేవారు. అది రాలేదు.

"ఉండనీ" అన్నారు. "అదేమైనా తిండి అడుగుతోందా?"

మర్నాడు నలుగురూ వ్యానులో వెళ్ళారు. నంబరు ఉన్న గుంజ పక్కన, ఎనిమిది నెలల వానకీ ఎండకీ బూడిదరంగు తిరిగిన బోడి గుంజ నిలబడి ఉంది. అది ఎందుకుందో ఇక ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. తవ్వేవాళ్ళు తమ పాత జోకు గుర్తొచ్చి తలలు దించుకున్నారు. బాబాయి రంగు డబ్బా తీశాడు, కుంచెలు రెండు తీశాడు.

"ఇలా ఇవ్వు" అన్నారు సూపరింటెండెంటు గారు. "పలక ఊరికే ఇవ్వలేదని తెలియాలి."

మోకాళ్ళు నేలకానించి, ఊపిరి బిగబట్టి, ఆ పేరుని ఒక్కో అక్షరమే ముత్యంలా రాశారు. పావుగంట పట్టింది. దర్జీ అక్క తల పక్కకి వాల్చి చూసింది.

"బాగుందండీ. కానీ వాడైతే అంచులు ఇంకా నున్నగా వేసేవాడు."

"రంగులేసేవాడి అక్కని మెప్పించడం నావల్ల కాదులేమ్మా" అన్నారాయన. ఆవిడ నవ్వింది. మూడు నెలల్లో ఆవిడ నవ్వడం ఆయన చూడలేదు.

పై ఆఫీసుకి తనే జవాబు రాశారు. గడియారం సంగతి ఇంజినీరు అక్కడికక్కడే సర్దేశాడు, రెండు సిస్టంలకీ ఒకే టైము నడిచేలా చేశాడు. చావకముందే ఎవరూ రావడం లేదు. అయినా ఆర్డరు ఆర్డరే. రిటైర్మెంటుకి ఆరు రోజుల ముందు మెమో వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ తెల్ల కాగితం మీద మొదటి మచ్చ.

ఆఫీసంతా ఊపిరి బిగబట్టి చూసింది. సూపరింటెండెంటు గారు మెమో విప్పి, ఒకసారి చదివి, అద్దాల కిటికీలోంచి వెలుగు పడేలా ఎత్తి పట్టుకుని మళ్ళీ చదివారు.

"ఇది అయిదోది" అన్నారు. "ఇకనుంచి దీంతోనే మొదలుపెడతాను."

ఇప్పటికీ సోమవారాల్లో ఆయన జేబులో కుంచె పెట్టుకుని వ్యాను దగ్గరికి వస్తారు. అర్జీ కాగితంలో 'పేరు' కింద 'ఏం వేసుకున్నారు' అని రెండో ప్రశ్న ఆయన దస్తూరిలోనే అచ్చయి ఉంది. రెండొందల పన్నెండు బోడి గుంజల్లో పదకొండింటికి పేర్లొచ్చాయి. మెమో ఆయన ఇంట్లో ముందుగదిలో ఫ్రేము కట్టి వేలాడుతూ ఉంటుంది.

ఒక్కటే వేలాడదీసి ఉండటం చూసి, మొదటిరోజే బాబాయికి ఊపిరాడలేదు. మర్నాడు జెరాక్సు తీయించి, దానికీ ఫ్రేము కట్టించి పట్టుకొచ్చాడు.